నూట పన్నెండో పేజీ ఎదుట ఖాళీ కాగితం

లింగస్వామి సార్ ఇక లేరన్న కబురు నాకు సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో అందింది. ఆ క్షణాన నా ఒళ్లో ఉన్నది ఆయన కోసం కొన్న పుస్తకమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు పట్టణాల్లో ఎవరినడిగినా 'బంగ్లా వాళ్లు' అని చెప్పే రాజకీయ కుటుంబం మీద కొత్తగా వెలువడిన ఉద్గ్రంథం అది. తాత, కొడుకు, మనవరాలు. మూడు తరాల అధికారం, ఓటమి, మళ్లీ అధికారం. వస్తుంది వస్తుందని ఏడాదిగా ఇద్దరం ఎదురుచూశాం. ఆ ఉదయం సూర్యాపేటలో అది చేతికందగానే ఇంటికి కూడా పోకుండా మిర్యాలగూడలో ఉండే సార్ దగ్గరికి బస్సెక్కాను. ఆయన బల్ల మీద పెట్టి "సార్, ఇరవై నాలుగోది వచ్చేసింది" అనాలి. ఆ ముఖంలో వెలుగు చూడాలి. యాభై దాటిన మనిషిని, కిటికీ పక్కన కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాను.

ఆత్రం ఆగక పేజీలు తిప్పితే, ఒకచోట అడుగున చిన్న అక్షరాల్లో నా పేరు కనిపించింది. ఎక్కడో పెద్ద నగరంలో ఉండే పండితుడు నా పుస్తకాన్ని ఆధారంగా చూపించాడు. పక్క సీటాయనకు చూపిద్దామా అని కూడా అనుకున్నాను. అప్పుడు ఆయన పేర్కొన్న పేజీ సంఖ్య చూశాను. నూట పన్నెండు. ఆ పేజీలో నేను రాసింది అబద్ధం. ఆ సంగతి జరిగిన ఊరు దాటితే, అది అబద్ధమని తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురికి మించి లేరు. వాళ్లలో ఒకరు లింగస్వామి సార్.

మిర్యాలగూడ రైసు మిల్లులు కనిపిస్తుండగా ఫోన్ మోగింది. సార్ భార్య అండాలమ్మ గారు. ఆమె గొంతులో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది.

"మీ సార్ పోయిండు తమ్మీ. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. మళ్ల లేవలే."

పుస్తకం మూసి సంచిలో పెట్టాను. ఇక దాన్ని ఎవరికి చూపించాలి?

ఆయన్ను ఎరిగినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. లింగస్వామి సార్ గ్రంథపాలకుడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో బదిలీల మీద ఈ మూడు పట్టణాల గ్రంథాలయాల్లోనూ పనిచేశారు. కవిత్వం రాయలేదు, సభల్లో మాట్లాడలేదు. ఆయన చేసిన రచనంతా ఒక్క జాబితా. నాలుగు పొడుగు కాగితాలు, పైన 'బంగ్లా గురించి చదవవలసినవి' అన్న శీర్షిక, కింద ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చేరుతూ వచ్చిన ఇరవై మూడు పుస్తకాలు. ఈ ప్రాంతంలో రాజకీయం గురించి నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడగలిగిన ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు ఆ కాగితాలు పట్టుకున్నవాడే అంటే అతిశయోక్తి కాదు.

ఆ జాబితాలో ఒక విశేషం ఉంది. పుస్తకాల పేర్లు సిరాతో రాసి ఉండేవి. వరుస సంఖ్యలు మాత్రం పెన్సిల్‌తో. ఎవరు వచ్చి అడిగినా సార్ ముందు ఒకటే ప్రశ్న వేసేవారు: బంగ్లాకు ఓటేస్తవా, వెయ్యవా? జవాబు విన్నాక పాత అంకెలు రబ్బరుతో చెరిపి, ఆ మనిషికి తగినట్టు కొత్త వరుస వేసేవారు. మెచ్చుకునేవాడికి తిట్టిన పుస్తకం మొదట. తిట్టేవాడికి మెచ్చుకున్న పుస్తకం మొదట. రెండో పుస్తకం కావాలంటే, మొదటి దాంట్లో తనకు నచ్చిన సంగతి ఒకటి ఆయన బల్ల ముందు నిలబడి చెప్పాలి. అది చెప్పలేకపోతే అదే పుస్తకం మళ్లీ పదిహేను రోజులు.

నేను మొదటిసారి ఆయన ముందు నిలబడింది సూర్యాపేటలో. అప్పుడు ఒక పత్రికకు విలేకరిగా పనిచేస్తున్నాను, ఉప ఎన్నిక దగ్గర పడింది, సాయంత్రంలోగా బంగ్లా చరిత్ర మొత్తం ఒక పేజీలో రాసి పంపాలి. ఆయన ప్రశ్నకు నేను గర్వంగా 'వెయ్యను' అన్నాను. పెద్దాయన, అంటే ఆ కుటుంబానికి మూలపురుషుడైన తాత, తానే చెప్పి రాయించుకున్న జీవితకథ తీసి నా చేతిలో పెట్టారు. నేను ముందుమాట చదివి, చివరి పేజీ చదివి, గంటలో తిరిగొచ్చి, పెద్దాయన పట్టుదల నాకు బాగా నచ్చిందని చెప్పాను.

ఆయన కళ్లజోడు మీదుగా చూశారు. "పట్టుదల ముందుమాటల ఉన్నది. లోపల ఏమున్నదో చెప్పు."

నేను పుస్తకం మళ్లీ తిరగేయబోయాను. ఆయన కోప్పడలేదు. పక్క కుర్చీ చూపించి, నలభయ్యో పేజీ తెరిచి, అక్కడే చదివించారు. పెద్దాయన తన మొదటి ఓటమి గురించి చెప్పిన అధ్యాయం అది. ఓడిపోయిన మర్నాడు, తనను ఓడించిన వకీలు ఇంటికి నడిచిపోయి చాయ్ తాగిన సంగతి. చదువుతూ చదువుతూ నేను పత్రిక గడువు మరిచిపోయాను. ఆ సాయంత్రం నా వార్త వెళ్లలేదు, తిట్లు తిన్నాను. కానీ ఒక మనిషి గురించి చదవడంలో ఇంత ఉత్సాహం ఉంటుందని నాకు మొదటిసారి తెలిసింది.

జాబితాలో ప్రతి పుస్తకం పక్కన ఆయన ఒక్క వాక్యం రాసేవారు. ఆ వాక్యాలే నాకు పాఠ్యగ్రంథాలు. పెద్దాయన మీద వకీలు ప్రచురించిన చిన్న పుస్తకం పక్కన: 'కోపం ఎక్కువ. తారీఖులు సరైనవి.' కొడుకు శాసనసభలో చేసిన ప్రసంగాల సంపుటి పక్కన: 'చదవవలసినవి ఆరు పేజీలు. మిగతాది చప్పట్లు.' విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన గ్రంథం పక్కన: 'యాభై పేజీలు ఓపిక పడితే మనిషి కనిపిస్తాడు.' బంగ్లా జీపు నడిపిన డ్రైవర్ చెప్పగా అచ్చయిన జ్ఞాపకాల పక్కన: 'అబద్ధాలున్నాయి. అన్నీ ప్రేమతో చెప్పినవి.' ఇవి చదివాక ఆ పుస్తకాలు వెతుక్కుంటూ పోకుండా ఎవరుండగలరు? నేను మాత్రం ఉండలేకపోయాను. మూడు పట్టణాల మధ్య బస్సుల్లో తిరిగి, అప్పటికి జాబితాలో ఉన్నవన్నీ చదివాను.

కోదాడలో ఆయన పనిచేసిన రోజుల్లో ఎదురుగా ఇడ్లీ హోటల్ ఉండేది. దాని యజమాని బంగ్లా అంటే మండిపడే మనిషి. పొద్దున్నే పత్రిక చదివి పెద్దాయన్ను తిట్టనిదే ఆయన పొయ్యి వెలిగించరని జనం నవ్వుకునేవాళ్లు. సార్ ఆయనకూ ఆ జీవితకథే ఇచ్చారు. 'ఈ భజన నాకెందుకండీ' అని గొణుగుతూ తీసుకుపోయి, నెల తర్వాత తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను అక్కడే ఉన్నాను. నచ్చిన సంగతి చెప్పమని సార్ అడిగితే ఆయన పైపంకా వైపు చూస్తూ అన్నారు.

"కోపమైతే తగ్గలేదండీ లింగస్వామి గారూ. కాకపోతే ఇదివరకంత తేలిగ్గా తిట్టు నోట్లోకి రావట్లేదు. నా నోరు పాడుచేశారు మీరు."

సార్ ఆ రోజంతా ఆ మాట తలుచుకుని మురిసిపోయారు.

ఇంతకూ ఆయన ఎటువైపు? ఇది చాలామందికి తెలియదు. ఆయన బంగ్లా భక్తుడు. జీవితమంతా ఒకే గుర్తుకు ఓటేసిన మనిషి. ఇంట్లో పుస్తకాల అల్మారా లోపలి తలుపుకు పెద్దాయన ఫొటో అతికించి ఉండేది. పెద్దాయన కన్నుమూసినప్పుడు ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదని అండాలమ్మ గారే చెప్పారు. కానీ గ్రంథాలయం గడప దాటి లోపలికి వస్తే ఆ భక్తి చెప్పులతో పాటు బయటే ఉండేది. ఒకసారి బంగ్లా మనుషులు నలుగురు వచ్చి, వకీలు రాసిన పుస్తకం ఇక్కడ ఉండటానికి వీల్లేదన్నారు. సార్ లేచి ఆ పుస్తకం తీసి వాళ్ల చేతిలోనే పెట్టారు. కార్డు మీద సంతకం చేసి తీసుకపోండ్రి, పదిహేను రోజులల్ల వాపస్ తెండ్రి, తెచ్చినంక అండ్ల నచ్చిన ముచ్చట ఒకటి నాకు చెప్పాలె అన్నారు. వాళ్లు అయోమయంగా సంతకం చేసి పట్టుకుపోయారు. పదమూడో రోజున ఒకడు తిరిగి తెచ్చాడు. తారీఖులు బాగున్నాయని చెప్పాడు.

ఇక నా సంగతి.

పెద్దాయన పోయాక ఆయన జీవితం మీద సమగ్ర గ్రంథం రాయమని బంగ్లా నుంచి పిలుపు వచ్చింది. నా ఆనందం ఎలా చెప్పను. బంగ్లాకు ఓటు వేయనని గర్వపడినవాణ్ణే, అట్ట మీద నా పేరు ఉంటుందని, సూర్యాపేటలో ఆవిష్కరణ సభలో వేదిక మీద కుర్చీ ఉంటుందని తెలియగానే మెత్తబడ్డాను. ఆర్నెల్లు తిరిగాను. ఆ తిరుగుడులో త్రిపురారం అవతల, కాలువ చివర ఉన్న ఒక చిన్న ఊళ్లో సైదమ్మ అనే నాట్ల కూలీని కలిశాను. పెద్దాయన కథల్లోకెల్లా పేరుపడ్డది తూము కథ. ఎండిపోతున్న చివరి ఊరికి ఆయన వచ్చి, తూము షట్టరు ఎత్తించి, నీళ్లు పారించాడని అందరూ చెప్పుకునేది. సైదమ్మ ఆ తూము దగ్గర ఉన్న మనిషి.

ఆమె చెప్పిన కథ వేరు. నీళ్లు పై ఊళ్లవాళ్లే మళ్లించుకుంటుంటే, నాట్లు లేక పనులు ఆగిపోయిన ఆడకూలీలు వచ్చి తూము మీదే కూర్చున్నారు. షట్టరు ఎత్తేదాకా లేచేది లేదన్నారు. పదకొండు రోజులు. చివరి రోజున పోలీసులు వచ్చారు. అదే సమయానికి పెద్దాయన జీపు దిగాడు. వాళ్ల మధ్య రాతి మీద కూర్చుని, వాళ్ల సద్దిలోంచి జొన్నరొట్టె తుంచుకుని తిని, 'లేపితే ముందు నన్ను లేపుండ్రి' అన్నాడు. సాయంత్రానికి షట్టరు లేచింది.

వింటూ నేను ఊగిపోయాను. నోట్ బుక్కులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లేవబోతూ ఆమెకు మాట ఇచ్చాను, పుస్తకంలో మీ పేరు ఉంటుందమ్మా అని. ఆమె నవ్వి, పుస్తకాలల్ల మా పేర్లెందుకు వస్తయి సారూ అంది. వస్తుందని ఒట్టేసినంత గట్టిగా చెప్పాను.

రాత ప్రతి చూసిన బంగ్లా కార్యదర్శి ఆ అధ్యాయం దగ్గర పెదవి విరిచాడు. ఆడవాళ్ల సంగతి ఎక్కువైంది, పెద్దాయన కనిపించడం లేదన్నాడు. అంతే అన్నాడు. తీసేయమని కూడా అనలేదు. 'ఇది ఉండాలి' అని నేను ఒక్క మాట అని ఉంటే ఉండనిచ్చేవాడేమో. నేను అనలేదు. ఆ ఇంట్లో నా చేతిలో ఉన్న కాఫీ కప్పు బాగుంది, కుర్చీ మెత్తగా ఉంది. ఇంటికి వచ్చి ఆడవాళ్లనందరినీ కొట్టేసి, పెద్దాయన ఒక్కడే జీపులో వచ్చి షట్టరు ఎత్తించినట్టు నూట పన్నెండో పేజీ తిరగరాశాను. తూము మీద దిగిన ఫొటో ఒకటి ఉంది. పెద్దాయన చుట్టూ ఆడవాళ్లు. దాన్నీ కత్తిరించింది నేనే. అచ్చయిన ఫొటోలో ఆయన ఎడమ మోచేతి దగ్గర ఇప్పటికీ ఎవరిదో కొంగు అంచు కనిపిస్తుంది.

సభ ఘనంగా జరిగింది. పుస్తకం మూడు గ్రంథాలయాలకూ చేరింది. సార్ దాన్ని జాబితాలో అప్పటి చివరి పుస్తకం కింద, పదిహేడోదిగా చేర్చారు. పక్కన 'భాష బాగుంది' అని రాశారు. నేను ఆ కాగితం జిరాక్స్ తీయించుకుని ఇంట్లో దాచుకున్నాను.

నెల రోజులకు సార్ మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. చాయ్ వద్దన్నారు. సైదమ్మ తన పేరు వచ్చిన పుస్తకం వచ్చిందని ఎవరో చెప్పగా విని, మిర్యాలగూడ గ్రంథాలయం వెతుక్కుంటూ వచ్చిందట. ఆమెకు చదువు రాదు. ఎక్కడుందో చూపించమందట. సార్ అప్పటికి పుస్తకమంతా పూర్తిచేయలేదు, పేరు ఏ పేజీలో ఉందో తెలియదు. అందుకని, మీ ఊరికే వచ్చి మొదటి నుంచి చదువుత, పేరు వచ్చినకాడ ఆపుత అన్నారట. మూడు ఆదివారాలు ఆయన ఆ ఊరికి పోయి, ఆమె గడపలో కూర్చుని, నా రెండు వందల ముప్పై పేజీల పుస్తకం గట్టిగా చదివి వినిపించారు. ఊరివాళ్లు కొందరు వచ్చి కూర్చునేవాళ్లట. తూము అధ్యాయం వచ్చినప్పుడు ఆమె ముందుకు జరిగి కూర్చుందట. అది అయిపోయింది. ఇంకా ముందుంటదేమో అనుకుని ఆమె, ఉంటదేమో అనుకుని సార్, చివరి పేజీ దాకా పోయారు.

"అయిపోయిందా అని అడిగిందయ్యా," అన్నారు సార్. "అయిపోయిందని చెప్పిన. మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చిన."

నేను కార్యదర్శి పేరు చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. జాబితాలోంచి నా పుస్తకం తీసేయండి సార్ అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట ఇన్నేళ్లయినా నా చెవిలోనే ఉంది.

"పుస్తకం తీసేస్తే తప్పు పోదు. నీ సిగ్గు పోతది, అంతే. దాన్ని ఉండనీ. నువ్వు తప్పొప్పుల పట్టిక రాసియ్యి. మూడు ఊర్లల్ల నేను అతికిస్త."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. అప్పుడు మాత్రం నా వైపు చూడకుండా మాట్లాడారు. కోపం కాదది, దుఃఖం.

"నాకు పెద్దాయనంటే పానం. నీకు ఎరుకే. ఆయన బతుకు మొత్తంల అంత మంచి పొద్దు ఇంకోటి లేదయ్యా. ఆడోళ్ల నడుమ కూసొని రొట్టె తిన్న పొద్దు. వాళ్లను తీసేసి నువ్వు ఆయననే చిన్నగ చేసినవ్."

రాసిస్తానన్నాను. ఆ వారమే అన్నాను. ఇక్కడి నుంచి నా చరిత్ర సిగ్గుమాలినది. మొదట ఎన్నికలు అడ్డం వచ్చాయన్నాను. తర్వాత రెండో ముద్రణలో సరిచేస్తానన్నాను, ఆ ముద్రణ రాలేదు. ఆ తర్వాత బంగ్లా కొడుకు ఓడిపోయాడు, ఓడిన సమయంలో రాస్తే బాగుండదన్నాను. మళ్లీ మనవరాలు గెలిచింది, గెలిచినప్పుడు రాయాలంటే భయంగా ఉందన్నాను. ఈ ఒక్కటే నిజం. సార్ ప్రతిసారీ విని, కాగితం ఎండిపోతున్నదయ్యా అనేవారు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఏ కాగితమో నేను ఎన్నడూ అడగలేదు. మాటవరసకు అంటున్నారనుకున్నాను.

అంత్యక్రియలైన మూడో రోజున అండాలమ్మ గారు నన్ను పిలిచి అల్మారా తెరిచారు. ముప్పై ఏండ్లు ఈ బంగ్లా పుస్తకాల నడుమనే కాపురం చేసిన తమ్మీ, సవతి ఉన్నా ఇంత జాగ తీసుకునేది గాదు అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో జాబితా నా చేతికిచ్చారు. పదిహేడో పుస్తకం పక్కన 'భాష బాగుంది' అన్నదాని తర్వాత ఇంకో వాక్యం చేరి ఉంది. నా దగ్గరున్న జిరాక్స్‌లో అది లేదు. 'నూట పన్నెండో పేజీ దగ్గర ఆగి, ఎదుటి కాగితం కూడా చదవాలి.' అన్నిటికంటే కింద ఇరవై నాలుగు అన్న అంకె వేసి, 'ఇంకా రాలేదు, వస్తే ముందు మెచ్చుకునేవాళ్లకు ఇవ్వకూడదు' అని ఉంది.

ఎదుటి కాగితం ఏమిటి? అక్కడి నుంచి నేరుగా మిర్యాలగూడ గ్రంథాలయానికి పరుగెత్తాను. నా పుస్తకం తీసి నూట పన్నెండో పేజీ తెరిచాను. ఎదురుగా, మైదా లైతో ఒక అంచు మాత్రమే అతికించిన దళసరి కాగితం, మూడు మడతలు. విప్పితే పుస్తకం కంటే పెద్దది. పైన సార్ గుండ్రటి దస్తూరీలో 'తప్పొప్పులు'. కింద అంతా ఖాళీ. అట్టడుగున చిన్నగా: 'రచయిత నుంచి రావలసి ఉన్నది.'

ఇన్నేళ్లూ ఆ కాగితం అక్కడ నా కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఎందరు చదువరులు దాన్ని విప్పి చూసి ఉంటారు! ఆ మధ్యాహ్నమే సూర్యాపేట పోయాను. అక్కడా ఉంది. కోదాడ చేరేసరికి మూసే వేళయింది, బతిమాలి లోపలికి పోయాను. అక్కడా ఉంది. కోదాడ ప్రతిలో ఎవరో చదువరి పెన్సిల్‌తో 'ఇంకా రాలేదా అండీ?' అని రాశాడు. దాని కింద వేరే దస్తూరీలో 'వస్తుంది' అని ఉంది. అది సార్ దస్తూరీ. నేను రాస్తానని నాకే నమ్మకం లేని రోజుల్లో ఆయన నా తరఫున ఊరికి జవాబు చెప్పారు.

ఆ బల్ల దగ్గరే కూర్చుని రాశాను. ఏళ్ల తరబడి నాకు చేత కానిది పది నిమిషాల్లో అయిపోయింది. తప్పు: పెద్దాయన ఒక్కడే వచ్చి తూము షట్టరు ఎత్తించాడన్నది. ఒప్పు: సైదమ్మ, ఆమెతో పాటు ఆ ఊరి ఆడకూలీలు పదకొండు రోజులు తూము మీద కూర్చున్నారు, చివరి రోజున పెద్దాయన వచ్చి వాళ్లతో కూర్చున్నాడు, వాళ్ల రొట్టె తిన్నాడు, వాళ్లను లేపనివ్వలేదు, ఈ సంగతి తెలిసీ రచయిత దాచాడు, ఫొటో కత్తిరించాడు. కింద సంతకం చేశాను. మర్నాడు తక్కిన రెండు ఊళ్లలోనూ రాశాను. మిర్యాలగూడ ప్రతిని నా పేరు మీద తీసుకుని, కొత్త గ్రంథం రాసిన పండితుడికి కూడా ఉత్తరం పోస్టు చేసి, త్రిపురారం బస్సెక్కాను.

సైదమ్మ ఇప్పుడు పనికి పోవడం లేదు. గడపలోనే కూర్చుని ఉంది. సార్ పోయిన సంగతి ఆమెకు తెలుసు. నన్ను గుర్తుపట్టి కూడా గుర్తుపట్టనట్టే చూసింది. నేను తప్పు ఒప్పుకుని, చదువుతానమ్మా అన్నాను. వినిపిస్తే విందాం అన్నట్టు కొంగు సర్దుకుంది. చదివాను. తన పేరు దగ్గర ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాతి మాట దగ్గర చెయ్యి ఎత్తింది.

"పదకొండు ఎవరు చెప్పిన్రు?"

"మీరే చెప్పారు కదమ్మా, అప్పుడు."

"మొత్తం పదమూడు. రెండు దినాలు వాన దంచింది. వానల కూసున్నయి లెక్కల రావా?"

పెన్ను తీసి పదకొండు కొట్టేసి పదమూడు చేశాను. ఆమె ఆగలేదు. ఆడకూలీలంటే ఎవరికి తెలుస్తది, వాళ్లకు పేర్లు లేవా అంది. చెప్పమన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చెప్పింది. నాగమ్మ, మరియమ్మ, బుచ్చమ్మ, ఎల్లమ్మ, చిన్న లచ్చమ్మ, రాహేలమ్మ, పెద్ద లచ్చమ్మ, ముత్తమ్మ. ముత్తమ్మది చూలుతో ఉన్న ఒళ్లు, ఎంత చెప్పినా ఇంటికి పోలేదట. అదీ రాయి అంది. రాశాను. రాస్తూ ఉంటే కాగితం ఇంకా మిగులుతూనే ఉంది. రెండు వాక్యాల సవరణకు సార్ అంత పెద్ద కాగితం ఎందుకు కోశారో అప్పుడు అర్థమైంది. మూడు ఆదివారాలు ఆ గడపలో కూర్చున్న మనిషికి, ఆమె దగ్గర ఎంత కథ ఉందో తెలుసు.

మళ్లీ మొదటి నుంచి చదవమంది. చదివాను. ఈసారి ప్రతి పేరు దగ్గరా తల ఊపింది. నేను పరీక్ష రాసినవాడిలా ఆమె ముఖం చూశాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయిందమ్మా."

"మరి లింగస్వామి పేరేది? నాకు పుస్తకం సదివినోడు."

ఆయన ఆ రోజు తూము దగ్గర లేడు కదమ్మా, ఈ కాగితంలో రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది, ఆయనకే నచ్చదు అన్నాను. ఆమె మజ్జిగ తేవడానికి లేస్తూ అంది:

"గట్లయితే ఇంకో కాడ రాయి. గని రాయి. మల్ల యేండ్లు జెయ్యకు."

అందుకే ఆయన పోయిన పదిహేను రోజుల్లోపే ఇది రాస్తున్నాను. సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఉన్న చదువరులారా, నా పుస్తకం తీసి నూట పన్నెండో పేజీ తెరవండి, ఎదుటి కాగితం విప్పండి. అందులో మంచిదేదైనా కనిపిస్తే ఆయనది. తక్కిన రెండు ఊళ్ల కాగితాల్లో పదమూడు దినాలూ, ఎనిమిది పేర్లూ ఈ వారంలో చేరుస్తాను. మీరు ఎటు ఓటేస్తారో అడిగి, పెన్సిల్ అంకెలు చెరిపి, మీకు నచ్చని పుస్తకాన్ని అంత ప్రేమగా మీ చేతిలో పెట్టే మనిషి మళ్లీ ఈ మూడు ఊళ్లకు వస్తాడని నేను అనుకోను. నా చేతిలో ఇరవై నాలుగో పుస్తకం ఉంది, పక్కన రాయవలసిన ఒక్క వాక్యం ఉంది. దాన్ని ఎవరికి చూపించి రాయాలో మాత్రం తెలియడం లేదు, సార్.